గోడ మీది వెల్వెట్ కోటు

పెద్దక్కకి మనుషుల్ని ఎంచడంలో ఉన్నంత గర్వం మరి దేంట్లోనూ లేదు. తన కుట్టు దుకాణంలో మిషన్ల ముందు కూర్చునే నలుగురినీ, కిటికీ పక్కన కాజాలు కుట్టే తాతయ్యనీ ఆవిడే ఏరి కోరి తెచ్చుకుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు పని మానేసి పోలేదు. "మనిషి గుమ్మంలో కాలు పెట్టగానే నాకు తెలిసిపోతుంది," అని వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెప్పుకునేది. వినీ వినీ ఆ మాట అందరికీ కంఠతా వచ్చేసింది.

అలాంటి పెద్దక్కకి ఇప్పుడు ఏమీ పాలుపోవడం లేదు. కుడి మణికట్టు మొరాయించింది. కత్తెర పట్టుకుంటే చాలు, నొప్పి మోచెయ్యి దాకా పాకుతోంది. ఇక కత్తెర ముట్టొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇన్నాళ్ళూ అక్కడ గుడ్డ కత్తిరించింది ఆవిడ ఒక్కతే. కత్తిరించే చెయ్యి లేకపోతే కుట్టేవాళ్ళు ఎంతమందుండి ఏం లాభం? అదే సమయానికి ఒక వాద్యబృందం వాళ్ళు నెల గడువులో నలభై వెల్వెట్ కోట్లు కావాలన్నారు. వెల్వెట్ గుడ్డ తాన్లు కూడా వచ్చి బల్లనిండా ఎక్కి కూర్చున్నాయి. మంచి కటింగ్ మాస్టర్ దొరికితే సరే. లేదంటే తాన్లు వెనక్కి పంపి, దుకాణానికి తాళం వేసి, ఐదుగురినీ ఇంటికి పొమ్మనాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి అన్నం సయించడం లేదు.

పనికోసం వచ్చినవాళ్ళకి ముందు ఒక పాత దుప్పటి ముక్క ఇచ్చి చొక్కా కత్తిరించమనేది. తర్వాత టీ ఇచ్చేది. టీ తాగుతుండగా గోడ మీది కోటు చూపించి, "అదెలా ఉంది?" అని అడిగేది. దుకాణం తెరిచిన ఏడాది తనే కత్తిరించి, తనే కుట్టిన మెరూన్ రంగు వెల్వెట్ కోటు అది. ఆ తర్వాత బడి యూనిఫారాలూ చొక్కాలూ తప్ప మళ్ళీ వెల్వెట్ ముట్టే అవసరమే రాలేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న పరీక్షేమీ కాదు, పెద్దక్క మురిపెం. పొగిడించుకోవడానికి అడిగేది, అంతే.

మొదట వచ్చినాయన, "మాటల్లేవండీ," అని పావుగంట మాట్లాడాడు. రెండోవాడు మరిది కొడుకు. కోటు చూడగానే చేతులు జోడించి, "పెద్దమ్మా, ఈ కోటు చూశాకే నాకు కటింగ్ నేర్చుకోవాలనిపించింది!" అన్నాడు. వాడు ఆ దుకాణంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. వాడు కత్తిరించిన కాలరు ఒకవైపు అన్నకీ, ఒకవైపు తమ్ముడికీ సరిపోయేలా ఉంది. అయినా పెద్దక్క మనసు వాడి మీదకే మళ్ళింది. మనవాడు, మర్యాద తెలిసినవాడు, పని నేర్పుకోవచ్చులే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే, కళ్ళజోడు ముక్కు మీద నిలవని ఒకావిడ వచ్చింది. నలభై ఉంటాయి.

"ఇంతకుముందు ఎక్కడ చేసేదానివి?"

"రెండు చోట్ల చేశానమ్మా. రెండు చోట్లా తీసేశారు."

"ఎందుకని?"

"ఓనరుగారు కత్తిరించింది తప్పని చెప్పాను. రెండు చోట్లా అదే."

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దక్కకీ నవ్వొచ్చింది. "ఆ సంగతి దాచుకోవచ్చుగా?"

"దాచుకుంటే ఇక్కడా తీసేస్తారు. కాస్త ఆలస్యంగా."

దుప్పటి ముక్క ఇచ్చారు. ఆవిడ చాక్ ముక్కతో గీతలు గీసి, కత్తెర అందుకుని, మధ్యలో ఆగకుండా పని ముగించింది. వంక పెట్టడానికేమీ లేదు. పెద్దక్క స్వయంగా టీ తెచ్చి ఇచ్చి, కోటు వైపు చూపించింది. "మరి అదెలా ఉంది?"

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, లేచి వెళ్ళింది. అరచేత్తో కోటు వీపు నిమిరింది. కుడి చెయ్యి నిమిరింది. ఎడమ చెయ్యి దగ్గర ఆగిపోయింది. ఒకసారి గుమ్మం వైపు చూసి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"కుట్టు బంగారం అమ్మా. ఇలాంటి కాలరు నా వల్ల కాదు. కానీ ఎడమ చెయ్యి తలకిందులుగా కత్తిరించారు."

నాలుగు మిషన్లూ ఒక్కసారే ఆగాయి.

"అది ఎండకి!" పెద్దక్క గొంతు పెరిగింది. "తక్కినదంతా కిటికీ ఎండకి వెలిసింది. ఎడమ చెయ్యి బీరువా నీడలో ఉంది కాబట్టి ముదురు రంగులోనే ఉంది!"

"ఎండ కాదమ్మా, నూగు. వెల్వెట్ నూగు అంతా ఒకవైపే వాలి ఉండాలి. ఎదురు తిరిగితే రంగు ముదురుగా కనిపిస్తుంది. మీరే నిమిరి చూడండి."

పెద్దక్క విసురుగా వెళ్ళి కోటు మీద చెయ్యి వేసింది. పైనుంచి కిందికి వీపంతా చెయ్యి నున్నగా జారిపోయింది. ఎడమ చెయ్యి మీద మాత్రం పిల్లి వీపు ఎదురు నిమిరినట్టు అరచేతికి గరగరలాడింది. ఇరవై రెండేళ్ళుగా ఆ కోటుకి దుమ్ము దులిపింది గానీ, ఇలా చెయ్యి పెట్టి చూసుకుంది లేదు.

మొహం కందగడ్డలా చేసుకుని వెనక్కి తిరిగింది. "తాతయ్యా, నీకు తెలుసా?"

తాతయ్య సూదిలో దారం ఎక్కించడంలో మునిగిపోయినట్టు నటించాడు. కాసేపటికి అది కుదరక, "చేరిన రోజే చూశాను తల్లీ," అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"బాగుందా అని అడిగావు. బాగానే ఉంది కదా!"

మిగతా నలుగురూ తలలు వంచుకున్నారు. వాళ్ళకీ తెలుసు. ఐదుగురికి ఐదుగురికీ తెలుసు! పెద్దక్కకి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. తను మంచివాళ్ళనే ఎంచుకుంది, అందులో అబద్ధం లేదు. కానీ తన మాటకి తల ఊపేవాళ్ళనే ఎంచుకుంది. బల్ల మీది తాన్ల వైపు చూసింది. నలభై కోట్లు, ఎనభై చేతులు. మరిది కొడుకు వాటిని తలో దిక్కుకి కత్తిరించేసేవాడు. తను పక్కనే నిలబడి భేష్ అనేది.

సొరుగు తెరిచి, ఎవరినీ ముట్టనివ్వని తన కత్తెర తీసి, పిడి వైపు ఆవిడకి అందించింది.

"నువ్వు గుమ్మంలో కాలు పెట్టినప్పుడు నాకేమీ తెలియలేదమ్మాయ్," అంది. "నోరు విప్పాక తెలిసింది. ఇక్కడ ఆ నోరు మూసుకున్నావంటే ఆ రోజే తీసేస్తాను."

సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. "వదినా, మావాడి సంగతి ఏం చేశారు?"

"మీవాడికి మాటలు కుట్టడం బాగా వచ్చు. కత్తిరించడం నేర్చుకుని రమ్మను."

నెల తిరిగేసరికి నలభై కోట్లు వరసగా తగిలించి ఉన్నాయి. అప్పగించే రోజు పెద్దక్క ఒక్కొక్క చెయ్యీ నిమిరి చూసుకుంది. ఎనభైకి ఎనభై ఒకే దిక్కుకి జారాయి. వాద్యబృందం నాయకుడు కోటు వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, ఎవరు కత్తిరించారని అడిగాడు.

"మా కటింగ్ మాస్టర్. నేనే ఎంచుకున్నాను," అంది పెద్దక్క కళ్ళజోడు ఆవిడని చూపిస్తూ.

ఆయన గోడ వైపు తిరిగాడు. "అదీ ఆవిడ పనేనా?"

"కాదండీ, అది నాది," అని పెద్దక్క ఆయన్ని చెయ్యి పట్టుకుని కోటు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఎడమ చెయ్యి తలకిందులు. నిమిరి చూడండి!"