మరిడమ్మ గొంతు

ఒడ్డున చేపల వేలంలో మరిడమ్మ పాట అందుకుంటే, ఇంకా నీటి మీదున్న తెప్పలవాళ్లకి కూడా ధర తెలిసిపోయేది. పందొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో ఆ గొంతు పడిపోయింది. మాటలో సగం గాలే. నీళ్లు తాగితే పొలమారేది.

అంతకు వారం ముందే, గంప దించుకునే చోటు కోసం తోటికోడలు లక్ష్మణమ్మ ఆమెతో తగువు పడింది. లక్ష్మణమ్మ మొగుడు పోయి ఒంటరిగా బతుకుతున్న మనిషి. దోసెడు ఇసక ఎత్తిపోసి, "నీ గొంతు పడిపోను" అంది. నెల తిరిగినా గొంతు రాకపోయేసరికి లక్ష్మణమ్మ చిల్లంగి పెట్టింది, చేతబడి చేసిందన్న మాట ఊళ్లో పుట్టింది. చిల్లంగి పెట్టినవాళ్ల పళ్లు పీకేస్తే మంత్రం విరిగిపోతుందని వాళ్ల నమ్మకం. లక్ష్మణమ్మ పళ్లు పీకించమంటావా అని పెద్దలు అడిగితే మరిడమ్మ సరేనని తల ఊపింది. గురువారం పొద్దువాలేటప్పుడు అనుకున్నారు.

ఆ గురువారం ఉదయమే మరిడమ్మ, మొగుడు గంగరాజు పోరు పడలేక, అతనితో శ్రీకాకుళంలో గొంతు డాక్టరు గణపతిరావు దగ్గరికి బస్సెక్కింది.

"సిల్లంగికి సూదిమందేటి?" అని దారంతా గుసగుసగా సాధించింది.

"నోర్మూసుకుని కూకో. ఎలాగా మూసుకునే ఉన్నాది కదా" అన్నాడు గంగరాజు.

డాక్టరు ఆమె నాలుకని గుడ్డతో పట్టి లాగి, దీపం మీద వెచ్చచేసిన బుల్లి అద్దం గొంతులోకి పెట్టాడు. "ఈ... అనమ్మా." చాలాసేపు చూశాడు.

"గొంతులో తలుపు రెక్కల్లాంటివి రెండుంటాయి. రెండూ కలిస్తేనే మాట. నీకు ఎడమది కదలడం లేదు. మెడకి దెబ్బగానీ ఆపరేషన్‌గానీ అయిందా?"

లేదని తల ఊపింది.

"అయితే ఛాతీ ఎక్స్‌రే తియ్యాలి."

"పోయింది గొంతైతే గుండెలు సూస్తారేటి బాబూ?" అన్నాడు గంగరాజు.

"ఆ రెక్కని కదిలించే నరం మెడలోంచి ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని మళ్లీ పైకొస్తుంది. దారిలో ఎక్కడ నొక్కుకున్నా గొంతు పోతుంది."

మధ్యాహ్నం, ఇంకా నీళ్లు కారుతున్న ఫిల్ముని కిటికీకి ఎదురుగా పట్టాడు. ఎడమవైపు కోడిగుడ్డంత తెల్లటి నీడ.

"ఇదే నొక్కుతోంది. క్షయ గడ్డో, అంతకన్నా చెడ్డదో విశాఖపట్నంలో తేలుస్తారు. ఆలస్యం చెయ్యకండి."

"ఎన్నాళ్లది బాబూ?" అన్నాడు గంగరాజు.

"ఇంత పెరిగిందంటే చలికాలం నాటికే ఉండుండాలి."

చలికాలం. తగువు పడింది ఎండల్లో. తన గడ్డ మాట మరిడమ్మ తలకెక్కనే లేదు.

"మావా, లచ్మనమ్మ పళ్లు" అంది.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఇసకలో గంగరాజు వెనకబడిపోయాడు. ఒడ్డున గుంపు మధ్య లక్ష్మణమ్మని చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టారు. ఊరిపెద్ద దాలయ్య చేతిలో పటకారు.

మరిడమ్మ ఆపమని అరిచింది. గాలి తప్ప రాలేదు; తన ముందే నిలబడ్డవాడు కూడా వెనక్కి తిరగలేదు.

మోచేతులతో జనాన్ని తోసుకుంటూ వెళ్లి, లక్ష్మణమ్మ ముందు కూలబడి, అరచేత్తో ఆమె నోరు మూసింది. లక్ష్మణమ్మ భయంతో గట్టిగా కొరికింది. మరిడమ్మ చెయ్యి తియ్యలేదు. వేళ్లకి ఒక్కొక్క పన్నూ తగులుతుంటే, అన్నీ ఉన్నాయో లేదోనని తడుముతూనే ఉంది.