కోబాన్‌లో ఒక పంటకాలం

చేటలో పోసిన యాలకులను మస్తాన్ కిటికీ వెలుగులోకి జరిపి అరచేత్తో మెల్లగా పరిచాడు. పగిలినవి ఎడమకు, పసుపు తిరిగినవి కుడికి, నిండుగా పచ్చగా ఉన్నవి మధ్యలో. అతనికి కళ్ళకంటే ముందు వేళ్ళే చూస్తాయి. తాలుకాయ తగిలితే చాలు, బొటనవేలు దాన్ని దానంతటదే పక్కకు చిమ్మేస్తుంది. ఆ వేలి గోరు ముప్పై ఏళ్ళ పనికి మొద్దుబారి, కొమ్ములా గట్టిపడి ఉంది. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ చేతులకు యాలకుల వాసన పోదు.

రియాద్‌లో బత్హా దగ్గర ఇరుకు సందులోని టోకు దుకాణం అది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో మస్తాన్. అరబ్బుల గహ్వా కాఫీలోకి మంచి యాలకులు కావాలంటే ఆ చుట్టుపక్కల వాళ్ళు ఇక్కడికే వస్తారు. రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో మస్తాన్ బస్తాలు మోసేవాడు. కాయను చూసి మంచీచెడూ చెప్పగలడని కనిపెట్టి యజమాని అబూ నాసర్ అతన్ని చేట ముందు కూర్చోబెట్టాడు. అప్పటినుంచీ అక్కడే.

ఆ సాయంత్రమే అతని విమానం. పాస్‌పోర్టుకు ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఇక తిరిగి రావడం ఉండదు. ఆ సంగతి ఇక్కడ అబూ నాసర్‌కూ, దుకాణం డ్రైవర్ అర్షద్‌కూ తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేచాక ఏం చేయాలో తోచక రోజూలాగే వచ్చి కూర్చున్నాడు.

సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడూ అతనికి ఇలాగే ఏమీ తోచేది కాదు. గల్ఫు సంపాదనతో గది తర్వాత గదిగా కట్టిన ఇల్లు. ఏ స్విచ్చు నొక్కితే ఏ లైటు వెలుగుతుందో తెలుసుకునేసరికి తిరిగి వెళ్ళే రోజు వచ్చేది. భార్య ఖుర్షీదా వచ్చిపోయేవాళ్ళ కోసం దాచిన పింగాణీ కప్పులోనే అతనికీ టీ ఇచ్చేది. ఆడపిల్లలిద్దరూ తలుపు దగ్గర నిలబడి, "అబ్బాజాన్, ఏమన్నా కావాల్నా?" అని అడిగేవాళ్ళు.

"మస్తాన్ గారూ, లోపలికి రావచ్చా?"

డాక్టర్ పద్మజ. ఊరికి వెళ్ళేముందు యాలకుల కోసం వస్తుంది. రాజమండ్రి మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఈరోజు ఆమె కొనడానికి రాలేదని ముఖం చూడగానే తెలిసింది.

"మా సుప్రజ కారు పార్క్ చేసి వస్తోందండి. అది వచ్చేలోపు ఒక్క మాట. స్పెయిన్‌లో చదువుతోందని చెప్పాను కదా. క్లాసులో స్పానిష్ పిల్లలతో కలిసి ఆరునెలలు గ్వాటెమాలా వెళ్తానంటోంది. అదీ మీరు ఉండివచ్చిన ఊరికే, కోబాన్‌కి. అక్కడ పల్లెల్లో హెల్త్ ప్రాజెక్టట."

మస్తాన్ చేతులు ఆగిపోయాయి. "కోబానా?"

"నా మాట వినట్లేదండి. ఆ దేశం చూసినవాళ్ళు మీరొక్కరే ఉన్నారు నాకు తెలిసి. మీరే కాస్త భయపెట్టండి. మీరు చెబితే మానేస్తుంది."

అతను ఏదో అనబోతుండగానే సుప్రజ లోపలికి వచ్చింది. పొట్టి జుట్టు, చెవి వెనక పెన్ను. బస్తా మీద చనువుగా కూర్చుని, "అంకుల్, నాకంతా చెప్పాలి. మా ఫ్రెండ్స్‌కి కూడా చెప్పాలి, వాళ్ళకసలేం తెలీదు," అంది.

మస్తాన్ చాలా ఏళ్ళ క్రితం ఒక్క పంటకాలం ఆ దేశంలో ఉన్నాడు. దుకాణానికి వచ్చే యాలకులన్నీ అక్కడివే. ఆరబెట్టడంలో మోసం జరుగుతోందని అనుమానం వచ్చి, దగ్గరుండి చూడమని అబూ నాసర్ అతన్ని పంపాడు. మస్తాన్ జీవితంలో ఇంకొకరు అతని మాట కోసం ఎదురుచూసిన కాలం అదొక్కటే. అతను వాసన చూసి తలూపితేనే బస్తా కుట్టేవారు. మరుసటి ఏడు అబూ నాసర్ కొడుకు తనే వెళ్ళొచ్చాడు. మస్తాన్‌ను మళ్ళీ ఎవరూ పంపలేదు.

"ముందు చలి పాపా," అన్నాడు. "అందరూ ఎండ దేశమనుకుంటారు. కోబాన్ కొండల్లో ఉండాది. వాన గట్టిగా కురవదు, అట్లని ఆగదు. చినుకు చినుకుగా రోజులకు రోజులు. దాన్ని చిపి-చిపి అంటారు వాళ్ళు. గుడ్డలు ఆరవు, పొయ్యి పైన ఏలాడదీసుకోవాల. కొళాయి నీళ్ళు తాగద్దు. ఈ మూడు పుల్లల ప్లగ్గులు పనికిరావు, ఆడ రెండు చదును రేకులుంటాయి."

"బస్సులో?"

"అమెరికా బడి పిల్లోళ్ళ పాత బస్సులు. రంగులేసి పెళ్ళికూతుళ్ళ మాదిరి చేసింటారు. సంచి పైన వేయనీకద్దు, ఒళ్ళో పెట్టుకో. నేనున్నప్పుడు స్పెయిన్ పిల్లోడొకడు బస్సు పట్టుకోవాలని ఏందో మాట అన్యాడు. బస్సు బస్సంతా నవ్విరి. ఎందుకో నాకు తెలీలా."

సుప్రజ పకపకా నవ్వింది. "స్పెయిన్‌లో అది మామూలు మాట అంకుల్. అక్కడ బూతు. మా వాళ్ళకి ముందే చెప్పాలి."

పద్మజ నవ్వలేదు. మస్తాన్ వైపే చూస్తోంది. అతనికి ఆ చూపు అర్థమైంది.

"భయం కూడా ఉండాది పాపా," అన్నాడు గొంతు తగ్గించి. "చీకటి పడినాక ఒక ఊర్నించి ఇంకో ఊరికి పోవద్దు. మా లారీని కొండ మలుపులో ఆపి తుపాకి చూపించిరి. నా నిఖా ఉంగరం తీసుకునిరి. కొండ ఇరిగి దారి మీద పడితే యాడోళ్ళం ఆడనే."

"విన్నావా?" అంది పద్మజ. ఆమె భుజాలు కొద్దిగా సడలాయి.

అక్కడితో ఆపేయవచ్చు. చెప్పినదంతా నిజమే. మస్తాన్ చేటలోంచి ఒక కాయ తీసి గోటితో చీల్చాడు. ఘాటు పైకి లేచింది. కట్టెల పొగతో నిండిన ఆరబెట్టే కొట్టం, తడిసిన బూట్లు, పొయ్యి చుట్టూ మూగిన మనుషులు అతని కళ్ళముందుకొచ్చారు.

"ఇంకోటి చెప్పకుంటే పాపమొస్తాది మేడమ్," అన్నాడు పద్మజతో. "ఆడ నాకు జరమొచ్చింది. దోన్యా తొమాసా అని, ఆమె ఇంట్లో గది ఇచ్చింటిరి నాకు. మొగుడు లేడు. నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. నేను మాంసం ముట్టకపోయేది ఆమె చూస్తానే ఉన్నింది. ఎందుకని ఎవురినో అడిగి తెలుసుకునింది. ఒకనాడు పెరట్లో సీమకోడిని పట్టుకొచ్చి, కత్తి నా చేతికే ఇచ్చి, ఆకాశం పక్క చూపించింది. నీ దేవుని పేరు నువ్వే చెప్పుకో అని. నేను లేవలేకుంటే ఆమె కొడుకు నన్ను పట్టుకున్యాడు. బిస్మిల్లా చెప్పి కోసినా. ఎర్రగా చారు చేసింది. మా అమ్మ పోయినాక అట్ల పక్కన కూచోని తాపించినోళ్ళు లేరు మేడమ్."

పద్మజ చూపు దించుకుంది.

"వచ్చేటప్పుడు గడప కాడ నా చెయ్యి పట్టుకోని ఒక మాట చెప్పింది. ఆకీ తియేనె సు కాసా. కాసా అంటే ఇల్లని తెలుసు. మీ ఇంటికి బద్రంగా చేరుకో అనింటాది."

సుప్రజ బస్తా మీద ముందుకు జరిగింది. "కాదు అంకుల్," అంది మెల్లగా. "ఇదే మీ ఇల్లు అంది. ఇక్కడ మీకు ఇల్లుంది అని."

మస్తాన్ తల వంచి చేటలో కాయలను వేళ్ళతో అటూ ఇటూ జరిపాడు. మంచివీ పగిలినవీ కలిసిపోయాయి. ముందు గదిలో ఎవరో అరబ్బీలో బేరమాడుతున్నారు.

"అట్లనా," అన్నాడు.

పద్మజ కూతురి వైపు తిరిగింది. "నీ స్వెట్టర్లన్నీ మాడ్రిడ్‌లోనే వదిలేశావా, ఇక్కడేమైనా ఉన్నాయా?"

"అమ్మా!"

"ఉన్ని సాక్సులు కూడా కొనాలి. పద, లేట్ అవుతోంది." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఏమీ అనుకోకండి మస్తాన్ గారూ. మిమ్మల్ని అలా అడగకూడదు నేను."

"తల్లి కదా మేడమ్."

"ఆవిడ ఇల్లు ఎక్కడ అంకుల్?" అని అడిగింది సుప్రజ. "నేను వెతుకుతాను."

"గుట్ట పైన చర్చి ఉండాది. మెట్లు దిగితే ఎడమపక్క సందు. ఉంటే ముసలామె అయిపోయింటాది."

"ఏం చెప్పమంటారు?"

అతను ఆలోచించాడు.

"మస్తాన్ ఇంటికి పోయినాడని చెప్పు."

వాళ్ళు వెళ్ళాక కలిసిపోయిన కాయలను మళ్ళీ మొదటినుంచి ఏరాడు. మధ్యాహ్నం అసర్ నమాజు చేసుకుని వచ్చి, చేట దులిపి గోడకు ఆనించాడు. అబూ నాసర్ కర్ర ఊతతో వెనక గదిలోకి వచ్చాడు. మస్తాన్‌ను దగ్గరకు తీసుకుని రెండు బుగ్గలకూ బుగ్గ ఆనించాడు. అతని కుడిచేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూశాడు.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో అర్షద్ ఫోన్‌లో ఖుర్షీదా గొంతు వినిపించింది. "రేపు రాత్రికి ఏం వండల్ల? మీకేమి ఇష్టమో మర్చిపోతి," అంది సిగ్గుపడుతూ.

"చారు," అన్నాడు మస్తాన్. "నేనే చేస్తా. నువ్వు పక్కన కూచో."

మరునాడు ఉదయం అర్షద్ వెనక గది తలుపు తీశాడు. గోనె మడత మీద మస్తాన్ కూర్చున్న చోటు ఇంకా గుంటపడే ఉంది. కిటికీ గట్టు మీద ఖాళీ తేనెసీసాలో, టీలోకి తెచ్చిన పుదీనా కొమ్మ ఒకటి నీళ్ళలో నిలబడి ఉంది. సన్నని తెల్లటి వేళ్ళు సీసా అడుగుదాకా దిగి, అక్కడ మెల్లగా చుట్టుకుంటున్నాయి.