ఎడ్నా కట్టిన జనాభా లెక్క

అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో గోధుమ చేల మధ్య ఉన్న ఆ ఊరికి నూరేళ్ళు నిండాయట! 1981లో దానికో చరిత్ర పుస్తకం కూడా అచ్చేశారు. ఏడేళ్ళుగా ఆ ఊరికి ఒకే ఒక్క డాక్టరైన వసుమతి, క్లినిక్‌లో పేషెంట్లు లేని వేళ దాన్ని తిరగేసింది. చరిత్రంటే ఏముంది, నా మొహం! కొన్నాళ్ళు వచ్చి మానేసిన రైలు, రెండుసార్లు తగలబడిన ధాన్యం గోదాము. రెండు తలల దూడకి మాత్రం పదకొండు పేజీలు. చివర్లో జనాభా, తొమ్మిదివందల తొంభైతొమ్మిది.

ఆ పుస్తకం రాసిన ముసలావిడ ఎడ్నా అప్పుడే బీపీ చూపించుకోడానికి వచ్చింది. "ఇంకొక్కరుంటే వెయ్యి అయ్యేది డాక్టర్," అని నిట్టూర్చింది.

"ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టారా?"

"తిరగడమెందుకు? శ్మశానంలో ఎవరి తాతల సమాధులున్నాయో వాళ్ళేగా ఊరివాళ్ళు! ఆ రాళ్ళ మీద ఇంటిపేర్లు చూసుకుని, ఆ ఇళ్ళలో మనుషుల్ని లెక్కేశాను."

వసుమతికి ఒళ్ళు మండింది. ఈవిడ మనవలు ముగ్గురూ పుట్టినప్పుడు పురుడు పోసింది తనే! ఈ ఊళ్ళో బతికున్నట్టు లెక్క రావాలంటే ముందు ఎవరో ఒకరు చావాలన్నమాట.

"మా ఇంట్లో నలుగురం ఉన్నాం ఎడ్నా. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు."

ఎడ్నా మొహం చాటంత అయింది. "అయితే వెయ్యి దాటేశాం! రేపే పుస్తకం దిద్దిస్తాను. పొలిమేరలో బోర్డు కూడా మార్పిస్తాను!"

"ఏమీ మార్చకండి," అంది వసుమతి, ఆవిడ చేతికి చుట్టిన బీపీ పట్టీ విప్పుతూ. "వచ్చే నెల మేం విచిటా నగరానికి వెళ్ళిపోతున్నాం. అప్పుడు మీ పుస్తకంలో తప్పుండదు. ఊళ్ళో డాక్టరుండదు, అంతే."