నాలుగో రకం కస్టమర్లు

సోఫా మీది కుక్క వెంట్రుకలు తడిగుడ్డతో తీస్తున్నాను. మాకు కుక్క లేదు. అవి నా బట్టల మీద నుంచి రాలినవి.

"అది తర్వాత చేద్దువుగాని, ఇలా రా" అన్నాడు మా ఆయన. "మనకి ఎలాంటి కస్టమర్లు కావాలో నాలుగు రకాలు రాసివ్వు. రెండో బ్రాంచికి డబ్బు పెడతానన్న ఆయన ఎల్లుండి మాట్లాడటానికి వస్తున్నాడు. అడుగుతాడు."

"మీరే రాయొచ్చుగా?"

"మూడు నేను చెప్తా, రాసుకో. పెద్ద ఇల్లు, పెద్ద జాతి కుక్క ఉన్నవాళ్ళు. కాపలాకి కావాలనే వ్యాపారులు. పిల్లలు ఏడ్చారని కొనిచ్చేవాళ్ళు. నాలుగోది నువ్వు ఆలోచించు. ఇళ్ళలోకి వెళ్ళేది నువ్వేగా."

మా బోర్డు మీద ఆయన పేరుంది, కింద 'కుక్కల శిక్షకుడు' అని ఉంది. ఫోన్లు మాట్లాడటం, ఒప్పందాలు, వీడియోలు ఆయనవి. కుక్కలు నావి. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది" అంటాడు. కుక్క నేర్చుకున్నది మర్చిపోతే మళ్ళీ ఉచితంగా నేర్పుతామని కరపత్రంలో వేయించింది కూడా ఆయనే. ఆ మళ్ళీ వెళ్ళేది నేను. ఇప్పుడు మోకాలు వంచితే లేవడానికి గోడ పట్టుకోవాలి.

నిరుటి రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. అరవై నాలుగు కుక్కలు. అందులో ఇరవై మూడు ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాను. పెద్ద ఇళ్ళున్నాయి, చిన్నవీ ఉన్నాయి. జాతి కుక్కలున్నాయి, వీధిలో దొరికినవీ ఉన్నాయి. ఎందులోనూ లెక్క కుదరలేదు. ఒక్కో ఇల్లూ గుర్తు చేసుకుంటూ పోతే ఒకటి తేలింది. ఫారంలో యజమాని అని ఉన్నచోట ఇంటాయన పేరుంటుంది. చివరి రోజు నేను గొలుసు ఆయన చేతికిస్తాను. ఆయన 'కూర్చో' అంటాడు, కుక్క కూర్చుంటుంది, మా ఆయన వీడియో తీస్తాడు. మర్నాటి నుంచి ఆ కుక్కకి తిండి పెట్టేదీ, దాన్ని తిప్పేదీ, అది పాడుచేసిన గచ్చు కడిగేదీ ఇంకొకరు. ఆ ఇంకొకరికి నేను ఏమీ నేర్పలేదు. ఇరవై మూడిళ్ళలో ఇరవై ఒకటి అంతే. ఇరవై ఒక్క చోట్లా ఆ ఇంకొకరు ఆడమనిషి.

మెట్లున్న ఇంట్లో ఒకావిడ చేయి తుడుచుకుంటూ వచ్చి, "నాకూ చూపించరా అండీ, రోజంతా దాంతో ఉండేది నేనే" అంది. వాళ్ళాయన, "నీకెందుకు ఇవన్నీ, నువ్వు గిన్నె పెట్టు, చాలు" అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను గొలుసు ఆయన చేతికే ఇచ్చాను. సంతకం ఆయనది. అప్పుడు నాకు అదే సబబు అనిపించింది. నెల తిరక్కుండా కుక్క ఆవిడని మెట్ల మీద నుంచి లాగేసింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ ఎడమచేతికి కట్టు ఉంది. కుడిచేత్తో గిన్నె పెడుతోంది. ఆ రోజు కూడా ఆయనకే నేర్పి వచ్చాను.

కాగితం మీద రాశాను: నాలుగో రకం, కుక్కకి తిండి పెట్టే మనిషి. ఆ మనిషి రాకపోతే ఒప్పుకోకూడదు.

మా ఆయన చదివి పెన్ను తీశాడు. "వీళ్ళు సంతకాలు పెట్టరే. నిర్ణయం ఇంటాయనది, డబ్బు ఇంటాయనది. ఈవిడెవరు మధ్యలో?"

"నేర్పేది ఈవిడకి కాకపోతే కుక్క మర్చిపోతుందండీ."

"మర్చిపోతే నువ్వున్నావుగా" అన్నాడు. కోపంగా కాదు. గొడుగు ఉందిగా అన్నట్టు అన్నాడు. నాలుగో రకం మీద అడ్డంగా గీత గీసి 'సెలబ్రిటీలు' అని రాశాడు.

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు నవ్వారు. "కుక్కతోక వంకరని ఊరికే అన్నారా? దానికి క్లాసులు, దాని వెనక ఈవిడ. వెళ్ళి రా తల్లీ, కూర్చుంటే మోకాళ్ళు ఇంకా పట్టేస్తాయి."

ఇంతలో ఫోను మోగింది. "అయ్యో, మర్చిపోయిందా సార్? రేపు పదింటికి పంపిస్తా. ఉచితమే సార్" అన్నాడు మా ఆయన. పెట్టేసి, "మెట్ల ఇల్లు" అన్నాడు నాతో.

మెట్ల ఇంటికి అది మూడోసారి.

రిజిస్టరు మూశాను. కాగితాన్ని ఆయన గీసిన గీత దగ్గర మడిచి చించాను. పైముక్క ఆయన ముందు పెట్టాను.

"ఈ మూడు రకాలూ మీరు చూసుకోండి. రేపు పదింటికి కూడా మీరే వెళ్ళండి. నాలుగో రకానికి నేను వేరే క్లాసు పెట్టుకుంటాను. రేపు సాయంత్రం మెట్ల ఇంటావిడ గొలుసు పట్టుకుని ఇక్కడికి వస్తే నేర్పుతాను. వాళ్ళాయన వస్తే నేర్పను."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. పక్కగదిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నాకు కుక్కలంటే భయమని నీకు తెలీదా ఏంటి?"

"తెలుసండీ" అన్నాను. "పన్నెండేళ్ళుగా అది బయటికి పొక్కకుండా చూస్తున్నది నేనేగా."