తలుపు పట్టే మనిషి

మూడో అంతస్తు ఇంట్లోకి అడుగు పెడుతూనే అతను చెప్పులు విడిచి, పడకగది తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, కింది బందు స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పనక్కర్లేదు. వానలకు ఉబ్బిన తలుపుల పని ఎక్కడైనా ఇలాగే మొదలవుతుంది. బందులు విప్పి, తలుపును దింపి, నడవాలోకి మోసి, పక్కకు తిప్పి నిలువంచు మీద నిలబెట్టాలి. అప్పుడు అతను చెరోపక్కా ఒక కాలు వేసి, మోకాళ్ళతో దాన్ని బిగించి నిలబడతాడు. బావ అవతలి కొస నుంచి చిత్రిక తోసుకుంటూ అతని దాకా వస్తాడు.

"విప్పకు, ఉండనీ," అన్నాడు బావ.

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"విప్పినవి బిగించెయ్. నిలబడ్డ తలుపు మీదే పట్టొచ్చన్నాడు కొట్టతను. చూద్దాం."

బావ సంచిలోంచి కరెంటు చిత్రిక మిషను తీశాడు. ఇస్త్రీపెట్టె అంత ఉంటుంది, దాదాపు అలాగే ఉంటుంది. పైన పిడి, కింద నున్నటి లోహపు అడుగు. ఆ అడుగుకు అడ్డంగా ఒక చీలిక, లోపల గిర్రున తిరిగే బ్లేళ్ళు. ముందున్న గుండ్రటి మీట తిప్పితే కాగితమంత పల్చటి పొర మొదలుకుని ఎంత కావాలంటే అంత లేపుతుంది. పొట్టు పక్కనున్న గొట్టంలోంచి బయటికి వస్తుంది. హార్డ్‌వేర్ కొట్టతను నమ్మకం మీద ఇచ్చాడు. వాడి చూసి నచ్చితే ఉంచుకోవచ్చు, లేదంటే ఈ సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి.

బావ తలుపు సగం తెరిచి, కిందికి ఒక చెక్కముక్క తోసి కదలకుండా చేశాడు. మిషనును ఒంటిచేత్తో తలుపు అంచుకు ఆనించి పైనుంచి కిందికి దించాడు. గుయ్యిమని ఒక మోత, గదంతా పొట్టు. మూడుసార్లు అలా దించి తలుపు వేసి చూశాడు. ఎక్కడా రాసుకోకుండా వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.

టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు ముచ్చటపడింది. "అబ్బ, అంతేనా? అయితే ఇంక మీకు రెండో మనిషి అక్కర్లేదన్నమాట."

ఆమె మామూలుగానే అంది. బావ నవ్వాడు. "గోడ లేకుండా ఇల్లెక్కడైనా ఉంటుందా అమ్మా?"

అందరూ అతన్ని గోడ అంటారు. అసలు పేరు రేషను కార్డులో ఉంది, అక్కకు గుర్తుంది. అక్క కాపురానికి వచ్చిన రోజు ఆమె పెట్టె మోసుకుంటూ వెంట వచ్చాడు. ఆ పూట బావ దగ్గర తలుపు పట్టేవాడు రాలేదు. 'కాసేపు పట్టుకోరా' అన్నాడు బావ. ఆ కాసేపు ఇంకా అవలేదు. మధ్యలో ఒకసారి అతనికి చిత్రిక నేర్పబోయారు గాని చెయ్యి తిరగలేదు. చెక్క ఒకవైపుకి వాలిపోయేది. పట్టుకోవడం మాత్రం అతనికి ఎవరూ నేర్పనే లేదు. అతని మోకాళ్ళ మధ్య తలుపు భూమిలో పాతినట్టు నిలబడేది. పెళ్ళి సంబంధాలు రెండు మూడు వచ్చాయి. ఏం పని చేస్తాడని అడిగితే చెప్పడానికి అక్కకు మాట దొరకలేదు.

ఇవాళ అతనికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీ తాగాడు. కప్పు తనే కడిగి పెట్టాడు. నేలమీది పొట్టు గుప్పిళ్ళతో ఏరి సంచిలో వేశాడు. వంటింట్లో కుళాయి కారుతుంటే వెళ్ళి బిగించాడు. బాల్కనీలోకి వెళ్ళి వీధి చూసి, మళ్ళీ లోపలికి వచ్చాడు.

"ఏమైనా కావాలా?" అంది ఇల్లాలు.

"ఏం లేదమ్మా. ఊరికే."

బావ తన పని తను చేసుకుపోతున్నాడు. చాలాకాలానికి ఆయన పని చేస్తూ కూనిరాగం తీయడం గోడ విన్నాడు. ఏడాదిగా బావ కుడి భుజం పైకి లేవడం లేదు. చొక్కా తొడగాలంటే అక్క రావాలి. పాత చిత్రికతో నాలుగు తోపులు తోసి, ఊపిరి పీల్చుకునే వంకతో ఆగి, తలుపు మందాన్ని చూస్తున్నట్టు నటించేవాడు. గోడ కూడా తలుపునే చూసేవాడు. ఈ మిషను మాత్రం తనంతట తనే ముందుకు పాకుతోంది. దాన్ని కాస్త నడిపిస్తే చాలు.

బాల్కనీ తలుపు పాతకాలపు బరువు తలుపు. అది చాలా ఎక్కువ ఉబ్బింది, పై నుంచి కింది దాకా అంగుళంలో నాలుగో వంతు తీయాలి. దాన్ని దింపక తప్పలేదు. గోడకు ప్రాణం లేచి వచ్చింది. బందులు విప్పి, దాదాపు ఒక్కడే మోసి, నడవాలో నిలబెట్టి బిగించాడు.

"ఒరేయ్, ఒక మాట," అన్నాడు బావ, మిషను ఆన్ చెయ్యకముందు. "దీని సంగతి నువ్వే చెప్పాలి. నా చెయ్యి తన సుఖమే చూసుకుంటోంది, మిషను గుణం చెప్పలేదు. తలుపు పట్టుకున్నవాడికి అన్నీ తెలుస్తాయి. ఉంచుకోమంటే ఉంచుకుందాం, వద్దంటే ఇచ్చేద్దాం."

"నా మాట మీదా?"

"మరి ఇంకెవరి మాట మీద?"

గోడ లోపాలు వెతకడం మొదలుపెట్టాడు.

"చివర్లో గుంట పడుతోంది బావా."

బావ అంచు మీద వేలు పెట్టి చూశాడు. నిజమే. మళ్ళీ తోస్తూ, చివరికొచ్చేసరికి బరువు వెనకవైపు వేశాడు. గుంట పడలేదు.

"పొట్టంతా నా మొహాన కొడుతోంది."

బావ గొట్టానికి గుడ్డసంచి తగిలించాడు.

"చెవులకు చిల్లులు పడుతున్నాయి."

"నీకా? మీ అక్క అరుపులకే పడని చెవులు," అన్నాడు బావ.

గోడ నవ్వలేదు. మిషను మళ్ళీ మొదలైంది. నునుపైన వణుకు తలుపులోంచి అతని మోకాళ్ళలోకి, తొడల్లోకి పాకింది. ఆ వణుకులో ఎక్కడా తేడా లేదు. చిత్రిక అయితే తోపు తోపుకీ ఒక ఊపు ఉండేది. ఆ ఊపుకు ఎదురు నిలబడేవాడు ఒకడు కావాలి. దీనికి ఎదురే లేదు. రేపు ఒక బల్ల, ఒక ఇనప బిగింపు ఉంటే చాలు. ఎల్లుండి నుంచి అక్క అన్నం వడ్డిస్తుంటే తను ఏం చేసివచ్చానని కూర్చోవాలి?

బావ దగ్గరికి వస్తున్నాడు. మిషను మూరెడు దూరంలో ఉంది.

గోడ కుడి మోకాలు కాస్త సడలించాడు.

తలుపు వెంట్రుకవాసి ఒరిగింది. మిషను గర్రున కరిచి, ఎగిరి, అంచును కొరుక్కుంటూ పక్కకు జారింది. బావ ఎడమచేతి వేళ్ళు అక్కడే ఉన్నాయి. ఆయన చటుక్కున చెయ్యి లాక్కుని పిడికున్న మీట వదిలాడు. బ్లేళ్ళు ఇంకాసేపు తిరిగి తిరిగి ఆగాయి.

అంచులో బొటనవేలు పట్టేంత గుంట పడింది.

"మిషను ఎగిరింది," అన్నాడు గోడ.

బావ ఆ గుంట చూశాడు. తర్వాత గోడ మోకాళ్ళకేసి చూశాడు. తన వేళ్ళు ఒకసారి ముడిచి, విప్పాడు.

గుంటను ఉలితో చదరంగా చెక్కి, సరిపడే చెక్కముక్క జిగురుతో దిగ్గొట్టాడు. జిగురు కాస్త పట్టేదాకా కూర్చుని, అప్పుడు సంచి అడుగునుంచి పాత చిత్రిక తీశాడు. అతుకు మీద మిషను పెడితే ఊడి వచ్చేస్తుంది. నాలుగు తోపులు, ఆగడం. మూడు తోపులు, ఆగడం. ప్రతి తోపుకూ ఆయన పెదవి ఒక పక్కకు లాగుకుపోయేది. గోడ ఈసారి తలుపు వంక చూడలేకపోయాడు. మోకాళ్ళు నొప్పెట్టేలా బిగించి, పైకప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇక్కడొక అతుకు పడిందమ్మా. నా చెయ్యి జారింది," అని బావ ఇల్లాలికి చూపించాడు. "రంగు వేశాక కనపడదు."

మెట్లు దిగుతూ బావ మిషను పెట్టె గోడకు అందించాడు. "తిరిగిచ్చెయ్. ఎగురుతోందన్నావుగా."

"బావా..."

"నేను ఇంటికెళ్ళి కాసేపు పడుకుంటాను. భుజం పీకేస్తోంది." ఆయన రోడ్డు దాటి వెళ్ళిపోయాడు, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని.

కింద లారీలోకి ఎవరిదో ఇంటి సామాను ఎక్కిస్తున్నారు. ఇళ్ళు మార్చేవాళ్ళకు సామాను తోలే ఆ డ్రైవరు గోడకు తెలిసినవాడే. నిలువుటద్దం బీరువా ఒకటి కిందే నిలబడి ఉంది, దానికి అటూ ఇటూ నలుగురు వాదించుకుంటున్నారు.

"ఇదిగో, గోడ వచ్చాడు," అన్నాడు డ్రైవరు. "ఏమయ్యా, మా లారీలోకి వచ్చెయ్యరాదూ? తాళ్ళు కట్టినా ఈ అద్దాలు దారిలో పగుల్తూనే ఉన్నాయి. వెనకాల కూర్చుని పట్టుకునే మనిషి కావాలి. ఎన్నిసార్లు అడిగాను నిన్ను?"

"అడిగావు."

"మీ బావ వదలడు."

గోడ బీరువాకు వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టి, దాన్ని నేలమీద నుంచి లేపి చూశాడు. బరువు ఎటు మొగ్గుతోందో చూసుకుని దించాడు.

"ఎప్పుడు బయల్దేరతావు?"

"పొద్దు వాలగానే. చాలా దూరం. అట్నుంచి అటే ఇంకో ఊరి సామాను. వస్తానంటే మీ వీధి మలుపులో హారన్ కొడతా."

గోడ కొట్టుకు వెళ్ళాడు గాని, పెట్టె చంకలోంచి దించలేదు. మిషను ఉంచుకుంటున్నామని కొట్టతనికి చెప్పి ఇంటికొచ్చేశాడు.

పెరట్లో రేకుల పాక కింద చెక్కలు పేర్చి ఉన్నాయి. అతను రెండు మందపు దిమ్మలు ఎంచుకున్నాడు. మిషనును మొదటిసారి తన చేత్తో పట్టుకున్నాడు. ఆన్ చేస్తే చేతిలో పిట్ట కొట్టుకున్నట్టు ఉంది. భయపడి ఆపాడు. మళ్ళీ ఆన్ చేశాడు. దిమ్మ గరుకు చర్మం ఒలుచుకుపోయి లోపలి రంగు బయటపడింది. అంచు ఏ వైపుకీ వాలలేదు. అతను దిమ్మను తిప్పి తిప్పి చూశాడు. ఇంకో పక్క పట్టాడు. అదీ వాలలేదు.

రంపంతో, ఉలితో ఒక్కో దిమ్మ మధ్యలో ఒక గాడి తీశాడు. పాకలో మూలనున్న పాత వంటింటి తలుపు తెచ్చి మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఎంత సందు ఉండాలో, ఎక్కడ నొక్కాలో కిందికి వంగి చూసుకున్నాడు. మళ్ళీ వెళ్ళి గాడి ఇంకొంచెం చెక్కాడు. రెండు ఏటవాలు ముక్కలు చేశాడు, గాడిలో తలుపు పక్కన దిగ్గొట్టి బిగించడానికి. మొదటి ముక్క మరీ ఏటవాలై పైకి తన్నుకొచ్చింది. పారేసి ఇంకోటి చేశాడు.

మబ్బు పట్టిందని అక్క తీగమీది బట్టలు తీయడానికి వచ్చింది. "ఏం చేస్తున్నావురా?"

"కాళ్ళు చేస్తున్నానక్కా."

"ఎవరికి?"

"తలుపుకి."

అక్క బట్టలు భుజాన వేసుకుని దిమ్మల్ని చూసింది. ఆమె వడ్రంగి భార్య, ఇంకేమీ అడగనక్కర్లేదు. అంచు మీద వేలు రాసి అంది, "మీ బావ నిద్రపోలేదు. ఈ చప్పుడు వింటూ పడుకున్నాడు. 'ఆగి ఆగి నడుస్తోంది, వాడే పట్టాడు' అన్నాడు."

"రమ్మనకపోయావా చూడ్డానికి?"

"అన్నాను. 'నేను చూస్తే వాడికి చెయ్యి వాలుతుంది' అన్నాడు."

గోడ ఉలి కింద పెట్టాడు. "లారీ అతనితో వెళ్తున్నానక్కా. అద్దాలు పట్టుకోవడానికి."

"మీ బావ పొమ్మన్నాడా నిన్ను?"

"లేదు. అనడు కూడా."

"మరి?"

"ఒకసారి వదిలాక నా మోకాళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. పొద్దుట్నుంచి ఒకచోట నిలబడలేకపోతున్నాను." అతను అది చెబుతూనే పాకలో అటునుంచి ఇటు నడుస్తున్నాడు. "బావ వేళ్ళు పోయేవక్కా."

అక్క బట్టల్లోంచి ఒక చొక్కా లాగింది. "ఇది వేసుకో. ఒళ్ళంతా పొట్టే. ఎప్పుడొస్తావు?"

"సామాను దింపాక."

"అదెప్పుడో అదే చెప్పు."

అతను చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

గదిలో బావ కిటికీవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, భుజం కింద వేడినీళ్ళ సంచి. అతను గుమ్మం దగ్గర ఆగాడు.

"బాగుందా మిషను?" అన్నాడు బావ, ఇటు తిరక్కుండా.

"బాగుంది బావా. ఉంచుకుంటున్నామని చెప్పొచ్చాను."

"మరి ఎగరడం?"

"ఎగరదు."

"సరే."

అంతే. అతను ఇంకొక్క క్షణం నిలబడ్డాడు, ఇటు తిరుగుతాడేమోనని. బావ తిరగలేదు. గోడ చేతిలో ఇంకో జత బట్టల సంచి తప్ప ఏమీ లేదు. వీధి మలుపులో లారీ హారన్ మోగింది. అతను వెనకచక్రం మీద కాలు వేసి ఎక్కి, బీరువాకీ మంచానికీ మధ్య కూర్చుని, అద్దాన్ని వీపుతో ఆనుకున్నాడు. లారీ కుదుపుకు అద్దంలో వీధి ఒకసారి ఊగి, నిలబడి, వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

వెలుగు ఇంకా ఉండగానే బావ లేచి పెరట్లోకి వచ్చాడు. అక్క వెనకే వచ్చింది, ఏం చెప్పాలో వెతుక్కుంటూ. పాక ముందు పాత వంటింటి తలుపు పక్కకు తిరిగి, అంచు మీద ఒంటరిగా నిలబడి ఉంది. బావ దాన్ని అరచేత్తో ఇటు నెట్టాడు. ఎడమచేత్తో అటు నెట్టాడు. చివరికి తుంటి ఆనించి బలమంతా వేసి నెట్టాడు. తలుపు కదల్లేదు.

తర్వాత మెల్లగా కూర్చుని దిమ్మల్ని తడిమాడు. తలుపు రంగు గీసుకుపోకుండా, రెండు గాడుల లోపలా పాత గోనెసంచి ముక్కలు మడిచి, చిన్న మేకులతో, తలలు పైకి తేలకుండా కొట్టి ఉన్నాయి.