శుభోదయం, కంచె వద్దు

ఈ రోజు రెండోసారి తెల్లవారుతోంది. కారణం నేనే.

మొదటిసారి తెల్లవారడం మామూలే, రోజూ జరిగేదే. ఈ రెండోది మాత్రం మా గవరయ్య బాబాయ్ నేను చేసిన బొమ్మను మా ఇంటిపేరు వాళ్ళ గ్రూపులో పెట్టగానే మొదలైంది. అప్పటికే మేడల మీదికి ఎక్కేసిన సూర్యుడు ఏదో మరిచిపోయినవాడిలా ఆగి, వెనక్కి దిగి, రైతుబజారు వెనక నుంచి మళ్ళీ ఎర్రగా పైకి వస్తున్నాడు. నేను షాపు మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. చల్లారిన నా టీ గ్లాసులోంచి మళ్ళీ పొగలు వస్తున్నాయి.

నా పేరు పైడితల్లి. బొండపేట మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పుట్టినరోజు జరుపుకునే నాయకుడి రంగు తేల్చడం, మెడలో గొలుసు లావు చేయడం, కింద వరసలో అనుచరుల ముఖాలు ఎవరూ అలగకుండా సర్దడం నా పని. ఒకడి ముఖం పక్కవాడి కంటే ఆవగింజంత చిన్నదైతే చాలు, షాపు మీదికి గొడవకొస్తారు. జనానికి ఏం కావాలో నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదని నాకో పొగరు ఉండేది. ఈ వారంలో అది బాగా అణిగింది.

సంగతేమిటంటే, మా ఊరి ఆడపిల్లల కబడ్డీ కోర్టును మున్సిపాలిటీ షాపింగ్ కాంప్లెక్సుకి ఇచ్చేసింది. ఈ రోజు సాయంత్రం ఆరింటికి కంచె వేసేయాలని ఆర్డరు. రేపు ఉదయం అదే కోర్టులో జిల్లా జట్టుకి సెలెక్షన్లు. నా చెల్లెలు యామిని చిన్నప్పటి నుంచీ ఆ ఎర్రమట్టిలోనే పడి లేస్తోంది. జట్టులో చోటు రాకపోతే రొయ్యల కంపెనీలో పనికి పెట్టేస్తానని అమ్మ ముందే తేల్చి చెప్పింది. అమ్మ ఒకసారి అన్నదంటే అన్నట్టే.

అందుకే పోస్టుల మీద పోస్టులు చేశాను. మొదటిదానిలో పిల్లలు గెలిచిన కప్పులూ, ఆటస్థలాల గురించి చట్టం చెప్పే మాటలూ పెట్టాను. లైకులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో సగం నేను షాపు ఫోన్ నుంచి కొట్టుకున్నవే. రెండోదానిలో ఒక పిల్ల మట్టిలో కూర్చుని ఏడుస్తున్న ఫొటో పెట్టాను. అందరూ చేతులు జోడించిన గుర్తులు పెట్టి తమ దారిన తాము పోయారు. ఎవరో ‘ఓం శాంతి’ అని కూడా రాశారు. నాకు ఒళ్ళు మండి మూడోదానిలో అందరినీ కడిగేశాను. దాన్ని ఊరంతా చదివింది, ఒక్కరూ ఇంకొకరికి పంపలేదు.

ఇంతలో మా గవరయ్య బాబాయ్ నాకు తట్టాడు. బాబాయ్ కరెంటు ఆఫీసులో రిటైరయ్యాడు. అప్పటి నుంచి రోజూ కోడి కంటే ముందు లేచి, ఉన్న గ్రూపులన్నిటికీ గులాబీ పువ్వుతో శుభోదయం పంపుతాడు. జ్వరం వచ్చినా మానడు. బొమ్మ మీద ఏం రాసుందో ఒక్కనాడూ చదవడు. ఆయన పంపింది ఇంకో వందమంది చదవకుండానే పంపుతారు. జనం మొర పంపరు, దీవెన పంపుతారు. ఈ ముక్క నాకు ఇన్నాళ్ళూ ఎందుకు వెలగలేదో!

కాబట్టి బొమ్మ చేశాను. పైన గులాబీ, దాని మీద మంచుబొట్టు, పక్కన ఇత్తడి కుందిలో దీపం. కింద మా కోర్టు మీద పొద్దు పొడుస్తున్న ఫొటో. దాని మీద పసుపు అక్షరాలతో ‘శుభోదయం. ఈ వెలుగు మా కబడ్డీ కోర్టు మీద కూడా పడాలి. కంచె వద్దు.’ అని రాశాను. బాబాయ్‌కి పంపాను. ఆయన అలవాటుగా ముందుకు తోశాడు. తెల్లవారింది.

ఇప్పుడు మూడోసారి తెల్లవారుతోంది. బాబాయ్ బొమ్మను టైలర్ల సంఘం గ్రూపు ఎత్తుకుంది. నాలుగోసారి ఆటోల వాళ్ళ గ్రూపు వల్ల వస్తోంది, అది కొంచెం కుదుపుతో వస్తోంది. నేను షాపులో ఒక్కదాన్నే గంతులు వేస్తున్నాను.

వీధిలో పాల ప్యాకెట్లు మళ్ళీ వస్తున్నాయి. స్కూలుకి సగం దూరం వెళ్ళిన పిల్లలు మళ్ళీ ఇళ్ళకొచ్చి స్నానాలు చేస్తున్నారు. కోళ్ళకి గొంతు పోయింది, గింజలు మింగి సైగలు చేస్తున్నాయి. అమ్మ ఫోన్ చేస్తోంది.

“ఏటే పైడీ, ఇంకెన్నిసార్లు ముగ్గెయ్యమంటావు? నడుం పడిపోనాది.”

“వెయ్యమ్మా. ఆ ముగ్గే మనల్ని కాపాడుతాది.”

“ఏం కాపాడుతాదో ఏటో! ముగ్గు మీద ముగ్గేసి వాకిలి మోకాలెత్తు లేచిపోనాది. లోపలికి దిగాలంటే నిచ్చెన కావాలి.”

నేను కోర్టు దగ్గరికి పరిగెత్తుతున్నాను. అక్కడ కంచె కాంట్రాక్టరు అప్పలకొండ సిమెంటు స్తంభాల దొంతర మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఇది ఆయనకి ఐదో టిఫిను. చొక్కా గుండీలు విప్పేసుకున్నాడు. ముళ్ళతీగ చుట్టలు ఆయన కాళ్ళ దగ్గర కుక్కల్లా పడుకుని ఉన్నాయి.

“మరి కంచె వెయ్యరా?” అని అడుగుతున్నాను.

“ఆర్డర్లో సాయంత్రం ఆరని ఉంది తల్లీ. ఉదయం వేస్తే నా బిల్లు పాసవ్వదు. సాయంత్రం రానీ, సెణంలో పాతీస్తాను.”

“రాకపోతే?”

“రాకపోతే నానేటి సేస్తాను? ఇడ్లీ తింటాను.”

మంచి మనిషే. ఆయనతో నాకు తగాదా లేదు. ఆయన పక్కనుంచి జనం ఒక్కొక్కరే కోర్టులోకి వస్తున్నారు. నోట్లో బ్రష్షులు, భుజాన తువ్వాళ్ళు. ఇన్ని ఉదయాలు వరసగా వచ్చేసరికి వాళ్ళకి తీరిక దొరికింది. తీరిక దొరికేసరికి బొమ్మ మీద ఏం రాసుందో మొదటిసారి చదివారు. బ్యాంకు క్యాషియరు నోట్లో నురగతోనే, “కంచె ఏంటండీ? అన్యాయం కదూ!” అంటున్నాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలని ఉంది. చదివారు! నేను రాసిన ముక్క చదివారు!

ఫోనులో అంకెలు కనిపించడం మానేశాయి. వాటి బదులు చిన్న చిన్న సూర్యుళ్ళు తెర మీద పేరుకుంటున్నాయి. పక్క ఊళ్ళకి పాకింది. సముద్రం అవతలి దీవికి కూడా పాకినట్టుంది, ఒక ఉదయం ఉప్పు వాసనతో వచ్చి వెళ్ళింది. నేను గెలిచాను. ఎగిరి అరవాలని నోరు తెరిచాను.

అప్పుడు యామిని నా చెయ్యి పట్టుకుంటోంది. నిక్కరు మీద ఎర్రమట్టి, గట్టిగా బిగించిన జడ. అది నవ్వడం లేదు.

“అక్కా, రేపెప్పుడొస్తాది?”

నేను ఫోనులో తేదీ చూస్తున్నాను.

“సెలెక్టర్ మేడమ్‌కి ఫోన్ సేసినాను. ‘అమ్మా, నాను రేపు కదా రావాలి, ఇక్కడింకా ఇవాళే’ అంటంది. ఎన్నిసార్లు తెల్లారినా ఇవాళే తెల్లారతంది. నువ్వు కోర్టు కాపాడినావు, బాగానే ఉంది. మరి నానెప్పుడు ఆడతాను?”

నిజమే. సాయంత్రాన్ని ఆపితే రేపు కూడా ఆగిపోతుంది. సాయంత్రాన్ని రానిస్తే కంచె పడుతుంది. రానివ్వకపోతే నా చెల్లెలు ఈ పద్దెనిమిదో ఏట, ఈ ఎండలో, ఇదే నిక్కరులో ఎప్పటికీ నిలబడి ఉంటుంది. నా తెలివిని నేనే తిట్టుకుంటున్నాను.

షాపుకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత బొమ్మల ఫోల్డర్ తెరిచాను. శుభోదయాలు కుప్పలు. శుభరాత్రులు కుప్పలు. శుభ సాయంత్రం అనే బొమ్మ ఒక్కటి కూడా లేదు. నేనెప్పుడూ చేయలేదు. నన్నెవరూ అడగలేదు. ఈ ఊళ్ళో ఒకరికొకరు సాయంత్రం పంపుకోవడం నేను పుట్టాక చూడలేదు. ఆ పూట అందరూ బజ్జీల దగ్గర ఉంటారు.

అరె! లేచి నిలబడ్డాను. మౌసు కింద పడింది.

చందమామ, మల్లెపూల దండ, దిండు మీద నిద్రపోతున్న కుక్కపిల్ల. కింద తెల్లని అక్షరాలతో ‘శుభరాత్రి. రేపు ఉదయం కబడ్డీ కోర్టులో కలుద్దాం. కంచె వద్దు.’ కుక్కపిల్ల చెవులు చక్కగా కత్తిరించాను. పరిగెత్తుకుంటూ బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

బాబాయ్ పడక్కుర్చీలో, ఇంకో ఉదయం కోసం కాఫీ కలుపుకుంటూ ఉన్నాడు. బొమ్మ చూసి కళ్ళజోడు తీసేశాడు.

“పొద్దున్నే గుడ్ నైటేటే? ఇన్నేళ్ళ నుంచి పంపుతున్నాను, ఒక్క తప్పు పంపనేదు. జనం నన్ను ఏటనుకుంటారు? గవరయ్యకి మతి పోనాదనుకోరా?”

“బాబాయ్, ఒక్కసారి.”

“పేణం పోనా పంపను. నాకూ ఓ మర్యాదుంది.”

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పోస్టులో ఏడిస్తే పని జరగదని నేర్చుకున్నాను కాబట్టి ఏడవడం లేదు. తిట్టినా జరగదు. చట్టం చెప్పినా జరగదు. ఆయనకి దీవెనే కావాలి.

“బాబాయ్, మీ ఆఫీసులో నైట్ డ్యూటీ చేసేవాళ్ళు ఉండేవారు కదా. వాళ్ళు ఇంటికొచ్చి పడుకునేది ఎప్పుడు?”

“పొద్దున్నే.”

“మరి వాళ్ళకి శుభరాత్రి ఎప్పుడు చెప్పాలి?”

బాబాయ్ కాఫీ చెంచా కింద పెట్టాడు. ఆయన ముఖం మెల్లగా మెత్తబడుతోంది.

“ఓలమ్మా, నిజమే సుమీ. నాను ఓ పదేళ్ళు నైట్ డ్యూటీ సేసినాను. ఒక్కడూ నాకు గుడ్ నైట్ సెప్పనేదు.” ముక్కు తుడుచుకున్నాడు. “ఏదీ, బేగి ఇలా పంపు.”

ఆయన బొటనవేలు తెరను తాకింది.

ఊరంతటి మీదా ఒక్క షట్టరు దించేసినట్టు చప్పుడుతో రాత్రి పడింది. నడుమ ఎరుపు లేదు, నీడలు సాగడం లేదు, కాకులు గూళ్ళకి పోవడం లేదు. చీకట్లో కోర్టు వైపు నుంచి అప్పలకొండ గొంతు వినిపిస్తోంది.

“తల్లీ, సాయంత్రం ఏదీ? నా ముందునుంచి పోనాదా ఏటి?”

“పోయినట్టుంది, మీరు సాంబారు పోసుకుంటున్నారు కదా!” అని అరుస్తున్నాను. నవ్వు ఆగడం లేదు.

నవ్వుతుండగానే నైట్ డ్యూటీ వాళ్ళు నిద్ర లేచి బాబాయ్‌కి జవాబుగా శుభోదయాలు పంపారు. తెల్లవారింది. ఈసారి వెలుగు వేరు. కొత్త చీరకుండే గంజి వాసన దానికి ఉంది. ఇది రేపు.

కోర్టు చుట్టూ జనం గోడలా నిలబడ్డారు. ఎవరి ఇంట్లోంచి వాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. ఒకావిడ బీరువా తెచ్చుకుని దాని మీదెక్కి కూర్చుంది. అమ్మ కూడా వచ్చింది, ముగ్గు గిన్నె చేతిలోనే ఉంది, ఆ పిండితోనే నడిగీత దిద్దుతోంది. నేను చూస్తున్నానని చూసి ముఖం తిప్పుకుంది. సెలెక్టర్ మేడమ్ ఈల మెడలో వేసుకుని బల్ల ముందు కూర్చుంది. యామినీ, ఇంకో ఆరుగురు పిల్లలూ ఇవతలి సగంలో చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఎదురు జట్టు ఇంకా రాలేదు.

అవతలి సగంలోకి సాయంత్రం వచ్చింది.

నేను దాటవేసిన ఆ సాయంత్రమే. కాషాయం రంగు, మోకాళ్ళ దాకా దుమ్ము, ఒళ్ళంతా బజ్జీల నూనె వాసన. తనని ఎవరూ పిలవలేదని దాని ముఖంలో కోపం ఉంది. అప్పలకొండ స్తంభం భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. ఇది గీత దాటి ఇవతల ఎవరినైనా తాకి వెనక్కి వెళ్ళిందా, ఆరవుతుంది.

మేడమ్ ఈల ఊదింది. సాయంత్రం వంగి గీతకి దండం పెట్టి, కూత మొదలుపెట్టింది. “కబడ్డీ కబడ్డీ కబడ్డీ” అంటూ లోపలికి వస్తోంది. అది అడుగు వేసిన చోటల్లా నీడలు పొడుగవుతున్నాయి. మూల నిలబడ్డ పిల్ల భుజం తాకింది. ఆ పిల్ల సగం ఒళ్ళు బంగారు రంగయిపోయింది. సాయంత్రం వెనక్కి తిరిగింది.

“పట్టండే!” అని యామిని అరిచింది. నేలకు వాలిపోయి సాయంత్రం చీలమండ దొరకబుచ్చుకుంది. మిగతావాళ్ళు గొలుసులా మీద పడ్డారు. సాయంత్రం వాళ్ళందరినీ ఈడ్చుకుంటూ గీత వైపు పాకుతోంది. జానెడు దూరం. చెయ్యి చాచింది. నేను అరుస్తున్నాను, అమ్మ అరుస్తోంది, బీరువా మీద ఆవిడ అరుస్తోంది. “ఒగ్గొద్దే యామినీ! ఒగ్గొద్దు!” ముగ్గు గిన్నె గాల్లోకి ఎగిరింది.

సాయంత్రానికి ఊపిరి ఆగిపోయింది. కూత తెగింది.

మేడమ్ ఈల ఊది వేలు బయటికి చూపిస్తోంది. “ఔట్,” అంటోంది. తర్వాత కలం తీసి, “ఆ చీలమండ పట్టిన పిల్ల పేరేంటి?” అని అడుగుతోంది. నేను చెప్పేలోపే అమ్మ చెప్పేసింది, ఇంటిపేరుతో సహా, ఊరు దద్దరిల్లేలా.

సాయంత్రం కుంటుకుంటూ వెళ్ళి బయటి బెంచీ మీద కూర్చుంది. ఎవరో దానికి గ్లూకోజు నీళ్ళు ఇచ్చారు. అప్పలకొండ దాని దగ్గరికి వెళ్ళి వంగి, “బాబూ, ఆరయిందా?” అని అడుగుతున్నాడు. ఔటైనవాళ్ళు మాట్లాడకూడదు. అది తల అడ్డంగా ఊపుతోంది.

జనం కేకల మధ్య యామిని లేచి ఒళ్ళు దులుపుకుంటోంది. దాని అరచేతులు కాషాయం రంగుగా ఉన్నాయి. గీత అవతల, రెండోసారి తెల్లవారినందుకు ఒకటి, మూడోసారికి ఒకటి, నాలుగోసారికి ఒకటి, రావలసిన సాయంత్రాలన్నీ రైతుబజారు దాకా వరసగా నిలబడి చేతులకి మట్టి రాసుకుంటున్నాయి. ముందున్నది వంగి గీతకి దండం పెడుతోంది.

యామిని నడుం వంచి, రెండు చేతులూ చాచి, దాన్ని చూసి నవ్వుతోంది.

“రాయే,” అంటోంది.