మార్లిస్ నదికి వెళ్లిన వేసవి

"జీతం ఇస్తారా?" అన్నాడు డ్వేన్, పళ్లెంలోంచి తల ఎత్తకుండానే.

"ఇవ్వరు. ఉండటానికి చోటు, తిండి వాళ్లదే," అంది మార్లిస్ బంగాళాదుంపలు వడ్డిస్తూ.

"అంటే ఊరికే చాకిరీ!" డ్వేన్ నవ్వాడు. "ఊరికే చెయ్యడానికి ఇంట్లో పని కరువైందా నీకు?"

హాస్యానికే అన్నాడు. కానీ మార్లిస్ చేతిలో గరిటె కాసేపు గాలిలోనే ఆగిపోయింది. ఇంట్లో తను చేసేది పనేననీ, అది ఊరికే చేస్తున్నదనీ నలభై ఒక్క ఏళ్ల కాపురంలో డ్వేన్ నోటి వెంట రావడం అదే మొదటిసారి. వచ్చిందని అతనికి తెలియలేదు. "ఇంకొంచెం గ్రేవీ పొయ్యి," అన్నాడు.

ఆ మార్చిలోనే అత్తగారు ఇర్మా పోయింది. పదకొండేళ్లు మంచంలో ఉంది. ఆ పదకొండేళ్లూ ఆవిడకి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, ముద్ద నోటికందించింది మార్లిస్. తుడుస్తున్నప్పుడల్లా "నీ చేతులు గరుకమ్మా, గోనెసంచితో రుద్దినట్టుంటుంది," అనేది ఇర్మా. గరుకు ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకీ తెలుసు. పాడి ఉన్నన్నాళ్లూ రోజుకి రెండు పూటలు నలభై ఆవుల పొదుగులు కడిగిన చేతులవి. చర్చి కింది హాల్లో అంత్యక్రియల భోజనాల దగ్గర ఆడవాళ్లందరూ వచ్చి భుజం తట్టారు, ఇక నీకు విశ్రాంతి అన్నారు. ఇంటికి వస్తూ ట్రక్కులో డ్వేన్ అన్నాడు, "తీరిక దొరికిందిగా, ఈ ఏడు మళ్లీ కోళ్లు పెడదాం." బయట మంచు కరిగి పొలాలన్నీ నల్లగా, తడిగా ఉన్నాయి. మార్లిస్ కిటికీ వైపు తిరిగి కూచుంది. అత్తగారు పోయినందుకు ఏడుపు రాలేదు. కోళ్లనగానే వచ్చింది.

మిసిసిపీ వాళ్ల పొలానికి నాలుగు మైళ్ల దూరం. ఇన్నేళ్లలో ఆమె ఆ నదిని చూసింది వంతెన మీదనుంచే, కారు అద్దంలోంచే, అవతలి ఒడ్డున సరుకులకో ఆసుపత్రికో వెళ్తున్నప్పుడే. కాస్త ఆపమంటే డ్వేన్ ఆపేవాడు కాదు. "నది చూస్తే ఎవరి కడుపు నిండింది?" అనేవాడు. కడుపు నింపేది నేనేగా, నేను చూస్తే ఏం పోయింది అని ఆమె మనసులో అనుకునేది. వాళ్లమ్మ పుట్టింది దిగువన బొత్తాల ఊళ్లో. నదిలోంచి ఆల్చిప్పలు తీసి, వాటిలోంచి గుండ్రంగా బిళ్లలు కోసి చొక్కాల బొత్తాలు చేసే కాలం అది. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వంటింటి బల్ల దగ్గర కూచుని ఆ బొత్తాలు అట్టల మీద కుట్టేదట. ఇంటి ముందు దారంతా చిల్లులు పడ్డ చిప్పలే పరిచి ఉండేవట. అమ్మ చెప్పిన కథల్లో మార్లిస్‌కి బాగా గుర్తున్నది అదొక్కటే.

అందుకే గ్రంథాలయం గోడ మీద ఆ కాగితం చూసి ఆగింది. నదిలో ఆల్చిప్పల లెక్క తీస్తున్నారు, వేసవి పది వారాలు, సహాయానికి మనుషులు కావాలి. అనుభవం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు అని రాసి ఉంది. ఆ చివరి మాట చదివి మార్లిస్ గ్రంథాలయంలో పైకే నవ్వేసింది.

వెళ్తానని మూడుసార్లు చెప్పింది. మూడోసారికి డ్వేన్ అది మాట్లాడుకునే విషయం కాదని, అయిపోయిన విషయమని గ్రహించాడు. "వెళ్లు. నదిలో ఆడుకో," అన్నాడు. జూన్ మొదటి వారంలో ఆమె పది వారాల కూరలు వండి, డబ్బాల మీద తేదీలు రాసి ఫ్రీజర్లో పేర్చింది. డ్వేన్ రక్తపోటు మాత్రలు వారానికొక పెట్టె చొప్పున, రోజుకొక గదిలో సర్ది, ఆ పెట్టెలు కాఫీ కప్పు పక్కనే పెట్టింది. ఇల్లు వదిలి వెళ్లడానికి కూడా ఇంటిపనే చెయ్యాల్సి వచ్చింది.

ఎగువన తొంభై మైళ్ల దూరంలో, మూతబడ్డ పాత బడిలో బస. మొత్తం తొమ్మిది మంది. మార్లిస్ గదిలో రెండో మంచం వెర్నెట్‌ది. అరవై ఆరేళ్ల నల్లజాతి మనిషి. నగరంలో ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైంది, భర్త పోయి చాలాకాలమైంది. మొదటి సాయంత్రం భోజనాలవగానే మార్లిస్ లేచి అందరి పళ్లేలూ ఎత్తి తోమడం మొదలుపెట్టింది. వెర్నెట్ వచ్చి చేతిలోంచి పీచు లాక్కుంది.

"ఇవాళ నీ వంతు కాదు తల్లీ. గోడ మీద పట్టిక చూసుకో. నీది గురువారం."

"చేతులు ఊరుకోవు వెర్నెట్."

"ఊరుకోకపోతే వాటి మీద కూచో."

ఆ మాటకి అందరూ నవ్వారు. మార్లిస్ నిజంగానే చేతులు తొడల కింద పెట్టుకుని కూచుంది. ఎవరో మగమనిషి ఆమె తిన్న పళ్లెం తోముతున్న చప్పుడు వింటూ, ఏదో తప్పు చేస్తున్నట్టు, దొరికిపోతానేమో అన్నట్టు కూచుంది.

పగలంతా పడవ మీద. గాలి గొట్టం నోట పెట్టుకుని ఇద్దరు నీళ్లలోకి దిగి, అడుగున బురదలో తడిమి వల సంచుల్లో ఆల్చిప్పలు పైకి పంపేవాళ్లు. మార్లిస్, వెర్నెట్ వాటిని కడిగి, జాతులవారీగా వేరుచేసి, పొడవు కొలిచి, రాసుకుని, మళ్లీ ఎక్కడివక్కడ నీళ్లలోకి వదిలేవాళ్లు. ఒకటి కోతిమొహం, ఒకటి బట్టలుతికే పలక, ఒకటి కాలిమడమ కోసేది. పేర్లన్నీ పాతకాలం జాలర్లు పెట్టినవి. పరిశోధన నడిపే రెనాటాకి మార్లిస్ వయసులో సగం ఉండదు. ఒకరోజు అరచేయంత చిప్ప చూపించి, దాని మీది గీతలు, ఏడాదికొకటి చొప్పున, లెక్కపెట్టమంది. డెబ్బై దాకా వచ్చి మసకైపోయాయి.

"పుట్టినప్పటినుంచీ దాదాపు ఒకే చోట ఉంటుందిది," అంది రెనాటా. "నీ కళ్లు బాగా పట్టేస్తాయి మార్లిస్. నేను రెండేళ్లకి నేర్చుకున్నది నువ్వు రెండు వారాల్లో నేర్చావు."

మెచ్చుకోలు మార్లిస్‌కి తెలియనిది కాదు. వంట బాగుంది, ఇల్లు శుభ్రంగా ఉంది, ఇర్మా ఒంటి మీద పుండు పడనివ్వలేదు. అవన్నీ ఆమె చేసిన వాటికి. కళ్లకి, బుర్రకి ఎవరూ ఏమీ అని ఉండలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆమె మామూలు కంటే నెమ్మదిగా కొలిచింది, ఒక్కటీ తప్పు పోకూడదని.

ఆదివారాలు సెలవు. వెర్నెట్, తను చిన్న పడవ వేసుకుని నది పక్క పాయల్లోకి పోయేవాళ్లు. తెల్లటి గూడబాతులు మందలుగా తేలుతుండేవి. జూలైలో ఒక మలుపు తిరగ్గానే కనుచూపు మేరా పసుపు తామరలు. నీళ్లు కనపడకుండా ఆకులు, ఆకుల మీదుగా నిలబడి పువ్వులు. ఇంటి పక్కగా పారే ఈ నదిలోనే ఏటా ఇవి పూశాయి, వాడిపోయాయి, మళ్లీ పూశాయి. ఆమె తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. పెళ్లై వచ్చిన కొత్తలో, తనకి ఇరవై రెండేళ్లప్పుడు చూసి ఉంటే ఏమయ్యేదో, ఏమీ అయ్యేది కాదేమో, చూసి ఉండేది, అంతే. ఆ అంతే అన్నది ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. వెర్నెట్ పడవ కదలకుండా తన తెడ్డు బురదలో గుచ్చి పట్టుకుని కూచుంది.

డ్వేన్ సాయంత్రాలు ఫోన్ చేసేవాడు. ఎలా ఉన్నావని కాదు. డబ్బా మూత తీసేది ఏ సొరుగులో ఉంది, బట్టల మిషన్ ఏ మీట నొక్కాలి. ఒకసారి, "ఈ మాత్రలు రోజూ వేసుకోవాలా?" అన్నాడు.

"పదేళ్లనుంచి వేసుకుంటున్నావు డ్వేన్."

"నువ్విస్తే వేసుకుంటున్నాను. నాకేం తెలుసు?"

ఆరో వారం గురువారం మిట్టమధ్యాహ్నం పడవలో ఉండగా ఫోన్ మోగింది. కూతురు జోలీన్. నాన్నకి పక్షవాతం వచ్చిందంది. పొద్దున ఏడింటప్పుడు వంటింట్లో పడిపోయాడు, తను దారిన పోతూ పన్నెండింటికి తొంగిచూస్తే నేల మీద ఉన్నాడు. "ఐదు గంటలమ్మా," అంది జోలీన్. "ఈ వారం మాత్రల పెట్టె చూశాను. మంగళవారం నుంచీ నిండుగానే ఉంది."

మార్లిస్ తొంభై మైళ్లూ తనే కారు నడుపుకుంటూ వెళ్లింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోట్లోంచి మాటలు ముద్దగా వస్తున్నాయి. పదకొండు రోజులు ఆమె ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. చెమ్చాతో పట్టింది, మూతి తుడిచింది, పక్క మార్చింది. చేతులకి అన్నీ గుర్తున్నాయి. ఆ గుర్తుండటమే ఆమెను భయపెట్టింది. డ్వేన్ మీద జాలితో గుండె నలిగిపోతోంది. నేనుంటే మాత్ర వేసుకునేవాడు అన్న మాట గంటకోసారి లోపల మోగుతోంది. చూడ్డానికి వచ్చిన ఆడపడుచు ఫిలిస్ ఆ మాటే పైకి అనేసింది. "పాపం, నువ్వు నదిలో ఆడుకుంటుంటే వాడిక్కడ నేల మీద దొర్లాడు."

పన్నెండో రోజు ఆసుపత్రివాళ్లు డ్వేన్ గదిలోనే తల్లీకూతుళ్లని కూచోబెట్టి మాట్లాడారు. రెండు దారులున్నాయి. ఊళ్లోనే నడకా మాటా మళ్లీ నేర్పించే కేంద్రం ఉంది, బీమా ఒప్పుకుంటుంది, అక్కడ రెండు నెలలు ఉండొచ్చు. లేదంటే ఇంటికే తీసుకెళ్లొచ్చు, కానీ పగలూ రాత్రీ ఒక మనిషి ఉండాలి.

"ఇంటి దగ్గర ఎవరుంటారు?" అని అడిగింది కాగితాలు పట్టుకున్నామె.

"అమ్మ ఉందిగా," అంది జోలీన్, ఆలోచించకుండా.

పదకొండేళ్ల కిందట ఇర్మా తుంటి విరిగినప్పుడు ఇలాంటి గదిలోనే డ్వేన్ అన్న మాట అది. మార్లిస్ ఉందిగా. అప్పుడూ ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఇప్పుడూ కాగితాలామె రాసుకోవడం మొదలుపెట్టేసింది.

"నేను లేను," అంది మార్లిస్.

అందరూ ఆమెకేసి చూశారు. మంచం మీంచి డ్వేన్ కూడా.

"కేంద్రంలోనే ఉంచండి. అక్కడివాళ్లకి పని తెలుసు, నాకంటే బాగా నడిపిస్తారు. నేను ఆదివారాలు వస్తాను. తర్వాత ఇంటికొచ్చినా ఒక మనిషిని పెట్టుకుందాం."

జోలీన్ తల్లి చెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కొచ్చింది. మొహం ఎర్రబడింది. "నీకేమైందమ్మా? నాకు బడి ఉంది, పిల్లలున్నారు, నేనెలా చూడను?"

"నిన్ను చూడమనలేదు. నిన్ను ఎప్పటికీ చూడమనను."

"మరి నాన్న? ఐదు గంటలు! ఒంటరిగా నేల మీద ఐదు గంటలు! నువ్వెక్కడున్నావు?"

మార్లిస్ గోడకి ఆనుకుంది. చెప్పకుండా మోసిన సంగతి ఒకటుంది. చెప్తే ఏమొస్తుందని ఊరుకున్నది.

"నీకు నాలుగేళ్లు," అంది. "ఫిబ్రవరి. నాకు ఐదో నెల. పాల క్యాన్లు ఎత్తి లోపలికి వచ్చి అదే వంటింట్లో పడిపోయాను. లేవలేకపోయాను. ఫోన్ గోడ మీద ఉండేది, అందలేదు. నువ్వు నీ మంచం మీది దుప్పటి ఈడ్చుకొచ్చి నా మీద కప్పావు. చాలక నీ బొమ్మకి కప్పే చిన్న దుప్పటి కూడా తెచ్చావు. నా తల పక్కన కూచుని నీకొచ్చిన పాటలన్నీ పాడావు. చీకటి పడేదాకా. అప్పటికి బిడ్డ లేదు."

జోలీన్ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"మీ నానమ్మ ఆసుపత్రికి వచ్చి అడిగింది, అంత బరువు నువ్వెందుకెత్తావు అని. తర్వాత, పాలెవరు పితికారు అని. నాలుగో రోజు పొద్దున నేనే పితికాను. ఆ నేల మీది మరక కూడా నేనే తుడిచాను జోలీన్."

"నాకు... నాకసలు గుర్తు లేదు." జోలీన్ ఏడుస్తోంది. కాసేపటికి, చిన్నపిల్ల గొంతుతో అడిగింది, "నాన్న ఎక్కడున్నాడు?"

"పశువుల వేలంలో. అయిపోయాక స్నేహితులతో పేకాటలో." మార్లిస్ కూతురి చెంపలు తుడిచింది. "ముప్పై ఐదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే."

జోలీన్ వెళ్లమనలేదు, ఉండమనలేదు. లోపలికి వెళ్లి కాగితాల మీద కేంద్రం పేరు రాయించింది.

మార్లిస్ డ్వేన్ మంచం పక్కన కూచుని, రోజూ వేసుకోవాల్సిన మాత్రల పేర్లు, రంగులు మెల్లగా రెండుసార్లు చెప్పింది. మిగిలిన వారాలకి నదికి తిరిగి వెళ్తున్నాననీ, ఆదివారం పదింటికి వస్తాననీ అంది. అతను కళ్ల నీళ్లతో ఏదో అన్నాడు. ముద్దగా ఉంది, అర్థం కాలేదు. తన పేరేమో అనిపించింది, కాదేమో కూడా. ఆమె లేవబోతుంటే బాగున్న ఎడమ చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కాసేపు పట్టుకోనిచ్చింది. అతని నుదుటి మీద పడ్డ జుట్టు సర్దింది. ఏడుస్తూనే, అతని వేళ్లని ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా విడదీసుకుని, లేచింది.